జేన్ ఎయిర్ జీతం లెక్క

సెలవు మీద ఊరెళ్తున్న పంతులమ్మ చేతిలో యజమాని యాభై పౌన్ల నోటు పెట్టాడు. ఆమెకు రావలసింది పదిహేనే. చిల్లర లేదంది. అక్కర్లేదు, ఉంచుకొమ్మన్నాడు. వల్లకాదంది. మొహం చిట్లించుకున్న పెద్దమనిషి, అంత డబ్బు చేతిలో పడితే ఇప్పట్లో తిరిగి రాదేమోనని నోటు వెనక్కి తీసుకుని పది పౌన్లిచ్చాడు. ఆమె పుచ్చుకుని, ఇంకా అయిదు బాకీ ఉన్నారని గుర్తుచేసింది.

1847లో కరర్ బెల్ అనే మారుపేరుతో షార్లెట్ బ్రాంటీ వెలువరించిన ‘జేన్ ఎయిర్’ నవలలోది ఈ సన్నివేశం. జేన్ అనగానే చాలామందికి యజమాని రోచెస్టర్‌తో ప్రేమ, చర్చిలో ఆగిపోయిన పెళ్లి, పై అంతస్తులో బందీగా ఉన్న మొదటి భార్య గుర్తొస్తారు. ఆ పిల్లకు తన మీద తనకు నమ్మకం ఎలా కుదిరిందో తెలియాలంటే మాత్రం ఆమె డబ్బు లెక్కలు చూడాలి.

కథ మొదట్లో జేన్‌కి పదేళ్లు. అమ్మానాన్నలు లేరు. మేనమామ పోయాక ఆయన భార్య మిసెస్ రీడ్ పంచన పడి ఉంటోంది. మా తిండి తింటూ మా పుస్తకాలు ముట్టుకుంటావా అని ఆ ఇంటి అబ్బాయి పుస్తకం విసిరి తల పగలగొడతాడు. తిరగబడితే శిక్ష జేన్‌కే. కొన్నాళ్లకు ఆమె అత్తను మొహం మీదే కడిగేస్తుంది, గెలిచానని పొంగిపోతుంది. అరగంట గడిచేసరికి ఆ పొంగంతా చప్పున చల్లారిపోతుంది. కోపం ఉంది, నిలబడటానికి సొంత చోటే లేదు.

లోవుడ్ బడిలో ఆరేళ్లు చదివి, రెండేళ్లు పాఠాలు చెప్పింది. జీతం ఏడాదికి 15 పౌన్లు. ఆ తర్వాత తనే పత్రికలో ప్రకటన వేసుకుంది. వచ్చింది ఒక్కటే జవాబు, రోచెస్టర్ ఇల్లు థార్న్‌ఫీల్డ్ నుంచి: జీతం 30. ఈ చిల్లర వివరాలన్నీ బ్రాంటీకి ఊరికే తట్టలేదు. 1841లో ఆమె గవర్నెస్‌గా, అంటే దొరల ఇంట్లోనే ఉండి పిల్లలకు చదువు చెప్పే కొలువులో, 20 పౌన్లకు కుదిరితే అందులో నాలుగు బట్టల ఉతుకుడుకే కోసుకున్నారు.

అసలు చిక్కు పెళ్లి కుదిరాక వచ్చింది. రోచెస్టర్ ఆమెను పట్టుబట్టల దుకాణానికి తీసుకెళ్లి ఊదారంగు పట్టు, గులాబీరంగు శాటిన్ ఎంచాడు. ఆయన కొంటున్నకొద్దీ ఆమెకు చిన్నతనంగా అనిపించింది. బతిమాలి నల్ల శాటిన్, బూడిదరంగు పట్టుకు ఒప్పించింది. పెళ్లయ్యాక కూడా ఆ ఇంట్లోని పిల్లకు చదువు చెప్పి తన 30 పౌన్లు తానే సంపాదించుకుంటానంది. తనకంటూ నాలుగు డబ్బులు ఉంటే బాగుంటుందని, మదీరా దీవిలో ఉన్న బాబాయికి ఉత్తరం కూడా రాసింది. తీరా ఆ ఉత్తరం వల్లే రోచెస్టర్ మొదటి భార్య సోదరుడికి సంగతి తెలిసి పెళ్లి ఆగింది! ఇంత గడుసైన కథా నిర్మాణానికి బ్రాంటీని మెచ్చుకోవాల్సిందే.

భార్య బతికుండగా ఆయనతో ఉండలేనని జేన్ చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. ఆయన పెట్టిన ముత్యాలు ముట్టుకోలేదు. ఉన్న 20 షిల్లింగులు బండివాడికిచ్చి, రొట్టె కోసం చేతిరుమాలు ఇవ్వజూపి, చివరకు పందికి పారబోయబోయిన చల్లారిన జావ అడిగి తింది. ఆత్మగౌరవం కడుపు నింపదని రచయిత్రి ఎక్కడా దాచలేదు.

తర్వాత మోర్టన్‌లో పల్లెపిల్లల బడి, మళ్లీ 30 పౌన్లే. మన దేశానికి మిషనరీగా రాబోతున్న సెయింట్ జాన్ ఆమెకు హిందుస్తానీ నేర్పించి, భార్యగా రమ్మన్నాడు. ప్రేమ లేని పెళ్లి వద్దు, చెల్లెలిగా అయితే వస్తానంది. అంతకుముందే బాబాయి ఆస్తి 20,000 పౌన్లు కలిసొచ్చాయి. ఇది ఆనాటి నవలల్లో మామూలుగా జరిగే అదృష్టమే. దాన్ని సెయింట్ జాన్‌తోనూ, అతని ఇద్దరు చెల్లెళ్లతోనూ సమానంగా పంచుకోవడం మాత్రం జేన్ సొంత నిర్ణయం. చూపు పోయిన రోచెస్టర్ దగ్గరికి తిరిగొచ్చినప్పుడు, తనతో ఉండనివ్వకపోతే పక్కనే ఇల్లు కట్టుకుంటానంది. ఆ మాటను నిజం చేసుకునే స్తోమత ఇప్పుడుంది.

ఈ ధోరణి అందరికీ నచ్చలేదు. ఐరోపాలో ప్రభుత్వాలను కూలదోసిన, ఇంగ్లండులో ఓటుహక్కు అడిగిన చార్టిస్టులను లేపిన బుద్ధే ఈ నవలనూ రాయించిందని 1848 డిసెంబరులో ‘క్వార్టర్లీ రివ్యూ’లో ఎలిజబెత్ రిగ్బీ దుమ్మెత్తిపోసింది. విచిత్రమేమిటంటే, అదే వ్యాసంలో ఆమె గవర్నెస్‌ల కష్టాల మీద బోలెడంత జాలి కురిపించింది.