స్లయిడ్ ప్రదర్శనలో అంతర్జాల వీడియో

ఏటా మార్చి 4వ తేదీన మనం జాతీయ భద్రతా దినోత్సవాన్ని జరుపుకొంటాము. 1966లో అదే తేదీన జాతీయ భద్రతా మండలి ఏర్పడిన సంగతి పాఠకులకు విదితమే. ప్రతిజ్ఞ, వ్యాసరచన, నినాదాల పోటీలతోపాటు ఆ వారంలో ఒక ఉపన్యాసం ఉండక తప్పదు. ఉపన్యాసంలో స్లయిడ్లూ ఉండక తప్పవు. శ్రోతలు రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవారైతే పదో స్లయిడు నాటికి సభలో సగంమంది కన్నులు మూతలు పడడమూ తప్పదు!

ఉపన్యాసం మధ్యలో కదిలే దృశ్యం చూపాలన్న కోరిక కొత్తది కాదు. ఓవర్‌హెడ్ ప్రొజెక్టరుపై పారదర్శక పత్రాలు పేర్చి బోధించిన కాలంలో, గది మూలన చక్రాల బల్లపై ఒక టీవీ, వీసీఆర్ వేచి ఉండేవి. ఉపన్యాసం ఆపి, దీపాలు ఆర్పి, క్యాసెట్టును కావలసిన చోటికి తిప్పేసరికి చెప్పదలచిన విషయం కాస్తా చల్లారిపోయేది.

పవర్‌పాయింట్ 1987లో మెకింటాష్ కంప్యూటర్లకు, 1990లో విండోస్‌కు వచ్చింది. అయినా అందులో వీడియోను అమర్చడం చాలాకాలం చిక్కుగానే ఉండిపోయింది. 2007 నాటి రూపం వరకు వీడియో స్లయిడ్ల ఫైలులో ఇమిడి ఉండేది కాదు. అది ఎక్కడున్నదో తెలిపే ఆచూకీ మాత్రమే ఉండేది. స్లయిడ్లను పెన్‌డ్రైవులో వేసుకొని, వీడియోను తన కంప్యూటరులోనే వదలివచ్చిన ఉపన్యాసకునికి సభాముఖంగా కదలని బొమ్మే దక్కేది. 2010 రూపంలో వీడియోను ఫైలులోనే ఇమిడ్చే పద్ధతి వచ్చింది. దానితో ఫైలు బరువెక్కిందన్నది వేరే మాట.

యూట్యూబ్ 2005లో ప్రారంభమైంది. అందులోని వీడియోను స్లయిడుపైకి తెచ్చే సదుపాయాన్ని కూడా 2010 పవర్‌పాయింట్‌లో కల్పించారు గాని, అందుకు ఎంబెడ్ కోడ్ అనే పొడుగాటి సంకేతాల వరుసను అతికించవలసి వచ్చేది. పైగా ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ తోడు కావలసి వచ్చేది. అడోబీ సంస్థ 2020 చివరితో ఫ్లాష్‌కు స్వస్తి చెప్పింది. అప్పట్లో తయారుచేసిన స్లయిడ్లు ఇంకా వాడుతున్నవారు వాటిలోని అంతర్జాల వీడియోలను ఒకసారి పరీక్షించుకోవడం మేలు.

ఇప్పుడు పని తేలికైంది. వీడియో లింకును కాపీ చేసుకొని, పవర్‌పాయింట్‌లో ఇన్‌సర్ట్, వీడియో, ఆన్‌లైన్ వీడియోస్ అన్న వరుసలో వెళ్లి అతికిస్తే చాలు. గూగుల్ స్లయిడ్స్‌లోనైతే ఇన్‌సర్ట్ కింద వీడియోను ఎంచుకొని అక్కడి నుంచే యూట్యూబ్‌లో వెదకవచ్చు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కూడా ముందుగానే నిర్ణయించవచ్చు. ఈ చివరి సౌకర్యమే మాకు అన్నింటికన్న విలువైనదిగా తోస్తున్నది.

ఎందుకో ఒక ఉదాహరణతో చెప్పుకొందాము. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో జరిగిన పేలుడులో 15 మంది మరణించారు, 180 మంది గాయపడ్డారు. ఒక యూనిట్‌ను తిరిగి ప్రారంభించే వేళ 170 అడుగుల టవరులోకి ద్రవం అదే పనిగా వచ్చి చేరుతున్నది. లెవెల్ ఇండికేటర్ మాత్రం మట్టం తగ్గుతున్నట్లే చూపుతున్నది. చివరకు ద్రవం పైగొట్టంలోకి పొంగి, బ్లోడౌన్ డ్రమ్మును నింపి, దాని చిమ్నీ నుంచి ఫౌంటెన్‌లా ఎగజిమ్మింది. ఆవిరి మేఘమై కమ్మి అంటుకొన్నది. మరణించినవారందరూ సమీపంలో నిలిపిన తాత్కాలిక కార్యాలయపు ట్రెయిలర్లలోను, వాటి పరిసరాలలోను ఉన్నవారే. ఈ ప్రమాదాన్ని విచారించిన ఆ దేశపు రసాయన భద్రతా బోర్డు, జరిగినదంతా యానిమేషన్ చిత్రాలుగా తీసి యూట్యూబ్‌లో ఉంచింది.

టవరులో ద్రవం పెరుగుతుండగా ఇండికేటర్ అంకె తగ్గడాన్ని మాటలతో పది నిమిషాలు వర్ణించినా, కంట్రోల్ రూములో కూర్చునేవారికి అది కేవలం ఒక వార్త. రెండు నిమిషాలు కళ్లారా చూస్తే తాము రోజూ నమ్మే అంకెలు గుర్తుకు వస్తాయి. కాని చిత్రమంతా వేస్తే ఉపన్యాసకుడే అనవసరమవుతాడు. అందుకే ఆ రెండు నిమిషాలను మాత్రమే ఏరుకోవాలంటున్నాము. పవర్‌పాయింట్‌లోని ట్రిమ్ సాధనం అంతర్జాల వీడియోలకు వర్తించదు. కనుక కావలసిన ఘట్టం ఎన్నో నిమిషంలో ఉన్నదో స్లయిడు కింది నోట్సులో రాసి ఉంచుకోవాలి.

ఇక అసలు మెలిక. లింకుతో చేర్చిన వీడియో మన ఫైలులో ఉండదు, యూట్యూబ్‌లోనే ఉంటుంది. సభామందిరంలో ఇంటర్నెట్ లేకపోతే అది ఆడదు. ఉన్నా, కొన్ని కార్యాలయాల నెట్‌వర్కులు యూట్యూబ్‌ను అనుమతించవు. యజమాని వీడియోను తొలగిస్తే మన స్లయిడు ఖాళీ. అందుచేత ఉపన్యాసానికి ముందురోజే అదే గదిలో, అదే కంప్యూటరుపై నడిపి చూడాలి. ప్రధాన ఘట్టాన్ని వివరించే ఒక రేఖాచిత్రాన్ని తరువాతి స్లయిడులో సిద్ధంగా ఉంచుకోవాలి.

ఆ చిత్రాల వ్యాఖ్యానం ఆంగ్లంలో ఉంటుంది. శబ్దాన్ని పూర్తిగా తగ్గించి, యూనిట్‌లో అనుభవమున్న ఆపరేటరు ఒకరిని పక్కన నిలబెట్టి, తెరపై మట్టం పెరుగుతున్నంతసేపూ ఆయన చేత తెలుగులో చెప్పించవచ్చు. అందుకు ఆయనకు ఆ రెండు నిమిషాలను ముందుగా నాలుగైదుసార్లు చూపించి ఉండాలి.