ఎయిర్ కూల్డ్ ట్రాక్టర్‌కు ఇంజన్ మళ్ళీ ఎక్కించటం: రేకులు మర్చిపోకండి

పై వీడియోలో మా పాత ఐషర్‌కు ఇంజన్ ఎక్కించటం చూశారు కదా. చేతులు అడ్డం వచ్చి కనపడని సంగతులు, అప్పుడు చెప్పటం మర్చిపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఒక్క సిలిండర్ బండి. నీళ్ళు ఉండవు, రేడియేటర్ ఉండదు, గాలితోనే చల్లబడుద్ది. ఐషర్ అనేది జర్మనీలోని బవేరియాకు చెందిన అన్నదమ్ముల ఇంటిపేరు. మన దేశంలో 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాద్‌లో మొదటి ఐషర్ ట్రాక్టర్ తయారైంది. 2005 నుంచి ఆ ట్రాక్టర్లు చెన్నై టాఫే వాళ్ళవి. ఇంత పాతదాన్ని ఎందుకు పట్టుకుని వేలాడుతున్నావని వత్సవాయిలో చాలామంది అడిగారు. బరువు తక్కువండీ. ఏళ్ళ తరబడి జీవామృతం పోసి, ఆచ్ఛాదన వేసి గుల్లబరుచుకున్న నల్లరేగడిని పెద్ద బండి పెట్టి అణగదొక్కటం నాకిష్టం లేదు.

అసలు ఇంజన్ ఎందుకు దించాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. ఎండాకాలంలో పత్తికట్టెను ముక్కలు చేసి ఆచ్ఛాదనకు వాడతాం కదా. బండిని ఒకేచోట నిలబెట్టి మూడు గంటలు ఆ మిషన్ ఆడించాను. లాగుడు తగ్గింది, కాలిన ఆయిల్ వాసన వచ్చింది, చూస్తుండగానే పట్టేసింది. విప్పి చూస్తే సిలిండర్ రెక్కల సందుల్లో పత్తి నూగు, దుమ్ము, ఆయిల్ కలిసి పిడకలాగా గట్టిపడి ఉంది. అంతకుమించి, సిలిండర్ వెనక ఉండాల్సిన రేకు అసలు లేనేలేదు. అంతకుముందు ఇంజన్ పని చేయించినప్పుడు ఆ రేకు తిరిగి బిగించలేదు. "లేకపోతేనే గాలి బాగా తగులుద్ది" అన్నారు. నేనూ నిజమే అనుకున్నాను.

అది తప్పు. కాలవకు మధ్యలో గండి పడితే చివరి చేనుకు నీళ్ళెక్కవు కదా, ఇదీ అంతే. ఫ్యాను తోసే గాలి సులువైన దారి చూసుకుని బయటికి పోద్ది. ఇరుకైన రెక్కల సందుల్లోకి, సిలిండర్ వెనక వైపుకు దాన్ని బలవంతంగా మళ్ళించేది ఆ రేకులే. అవి లేకపోతే ముందు వైపు చల్లగా, వెనక వైపు కొలిమిలాగా ఉంటుంది. పిస్టన్ ఉబ్బి గోడకు పట్టేస్తుంది. మే నెలలో మన దగ్గర గాలే 45 డిగ్రీలకు పోయే రోజులుంటాయి, ఆ గాలితోనే ఇంజన్ చల్లబడాలి మరి.

కొత్త సిలిండర్, పిస్టన్ వేయించాక ఎక్కించటం ఇంటి దగ్గరే చేశాం. ట్రాక్టర్‌లో ఇంజనే చాసిస్. అది తీస్తే బండి రెండు ముక్కలవుద్ది. అందుకని వెనక చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు పెట్టి, గేరుబాక్సు కింద గట్టి చెక్క దిమ్మలు పేర్చాం. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కాబట్టి ఇరుసుకు, పైనున్న బీముకు మధ్య రెండు వైపులా చెక్క చీలలు కొట్టాలి. ఇది వదిలేస్తే ముందు సగం పక్కకు పడిపోద్ది, కాళ్ళు పోతాయి. బోరు మోటారు లాగే ముక్కాలి స్టాండుకు చైన్ కప్పీ కట్టి ఇంజన్ బరువు దాని మీద ఉంచాం. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకు దూరొద్దు.

కలిపే ముందు ఫ్లైవీల్ మధ్యలోని చిన్న బేరింగు, వెనక ఆయిల్ సీలు చూసుకోండి. ఇవి చవకైనవి, కానీ పాడైతే మళ్ళీ బండి రెండు ముక్కలు చేయాల్సిందే. క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోటానికి పాత షాఫ్టు ముక్క దొరికితే మంచిది, లేదంటే వడ్రంగి చేత అదే కొలతకు కర్ర చేయించుకోవచ్చు. షాఫ్టు పళ్ళకు గ్రీజు వేలితో రాసినంత చాలు. ఎక్కువైతే చెదిరి ప్లేటు మీద పడి క్లచ్ జారుద్ది.

ఇక కలిపేటప్పుడు రెండు ముఖాల మధ్య సందు చుట్టూతా ఒకేలా ఉండాలి. చివరి అంగుళం దగ్గర ఆగిపోవటం మామూలే, షాఫ్టు పళ్ళు ప్లేటు పళ్ళలో పడలేదన్నమాట. అప్పుడు అందరికీ వచ్చే ఆలోచన బోల్టులు పెట్టి పానాతో లాగేద్దామని. దయచేసి ఆ పని చేయకండి. పోత ఇనుము చెవులు విరుగుతాయి, లేదా క్లచ్ ప్లేటు వంగుతుంది. గేరులో పెట్టి, ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతుంటే "టక్" మని దానంతటదే లోపలికి పోతుంది. మాకు అరగంట పట్టింది. ఆ తర్వాతే బోల్టులు, అవీ ఎదురెదురువి కొంచెం కొంచెంగా.

డీజిల్ పైపులు, సెల్ఫ్ వైర్లు, యాక్సిలేటర్ రాడ్డు మామూలే. దించేటప్పుడు ఫోన్లో ఫోటోలు తీసుకుంటే ఇబ్బంది లేదు.

రేకుల దగ్గర మాత్రం తొందరపడొద్దు. తాబేలు ఆకారంలో ఉండే బీటిల్ కారు చూసే ఉంటారు. 2003లో మెక్సికోలో ఆఖరిది తయారయ్యేదాకా 2 కోట్ల 15 లక్షలకు పైగా చేశారు. అదీ గాలి బండే, ఇంజన్ వెనకాల నాలుగు బోల్టుల మీద గేరుబాక్సుకు పట్టి ఉంటుంది. ఇంటి దగ్గరే దించి ఎక్కించుకునేవాళ్ళు చాలామంది. దానికి కూడా ఇంజన్ చుట్టూ రేకులు, అంచున రబ్బరు పట్టీ ఉంటాయి, కింది వేడిగాలి మళ్ళీ ఫ్యానులోకి రాకుండా. కారైనా ట్రాక్టరైనా సూత్రం ఒకటే. మాకు దొరకని రేకును పాత డబ్బా రేకుతో అట్ట కొలత పెట్టి కత్తిరించి చేయించాం. సందు పడిన చోట రబ్బరు పట్టీ పెట్టాం. ఫ్యానుకు బెల్టు ఉండే బండైతే దాని బిగువూ చూడండి. తెగిన బెల్టుతో నాలుగు అడుగులు కూడా నడపొద్దు.

స్టార్ట్ చేసేముందు స్టాప్ లివర్ లాగి పట్టుకుని ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ఇంజన్ తిప్పాలి. తర్వాత డీజిల్ లైనులో గాలి తీసి స్టార్ట్ చేయండి. వేడిగాలి బయటికొచ్చే దారి దగ్గర దూరంగా చెయ్యి పెట్టి చూస్తే గాలి బలంగా తగలాలి. మొదటి కొన్ని రోజులు ఖాళీ ట్రక్కు లాంటి తేలిక పనే. ఆ తర్వాత ఆయిల్ మార్చండి. ఆ పాత ఆయిల్ గట్టు మీద, చెట్ల మొదట్లో పారబోయొద్దు, డబ్బాలో పోసి పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇచ్చేయండి.

ఇప్పుడు పత్తికట్టె ఆడించిన ప్రతి సాయంత్రం, ఇంజన్ పూర్తిగా చల్లారాక, సన్నటి వెదురు పుల్లతో రెక్కల సందులు గీకి గాలి కొడుతున్నాం. పది నిమిషాల పని. వేడి మీద నీళ్ళు మాత్రం కొట్టొద్దు, రెక్కలు పగులుతాయి.