పొయ్యి వెనుక గోడకు పింగాణి పలకలు

బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకము మన దేశమున 1995 ఆగస్టు 15న ప్రారంభమైనది. వండిన భోజనమునే పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించిన పిమ్మట పాఠశాలలందు వంటగదుల ఆవశ్యకత పెరిగినది. ఈ గదులలో మిక్కిలి మలినమగు చోటు పొయ్యి వెనుక గోడ. తిరగమోత నూనె చిందును, గంజి పొంగి పడును, మసి పట్టును. వెల్లవేసిన గోడను కడుగ వీలులేదు. తడిసిన సున్నము పెచ్చులూడి అన్నపు గిన్నెలో పడును. జిడ్డునకు బొద్దింకలు చేరును. కావున ఆ గోడకు పలకలు తాపించుట అలంకారము కాదు, పిల్లల ఆరోగ్యమునకు రక్షణము.

ఎట్టి పలకలు కొనవలెను? మెరుగుపూత గల పింగాణి గోడపలకలు మేలు. వీని ముఖము జిడ్డును పీల్చదు. వెనుక భాగము నీటిని పీల్చి సిమెంటును గట్టిగా పట్టును. నేలకు పరచు విట్రిఫైడ్ పలకలు నీటిని పీల్చవు గనుక వట్టి సిమెంటుతో గోడపై నిలువవు. వానికి ప్రత్యేకమైన జిగురు కావలెను. కడప రాయి, తాండూరు రాయి సున్నపురాతి జాతివి. చింతపులుసు తగిలినచో వాని మెరుగు పోవును. రంగు లేతదైన మంచిది. మురికి వెంటనే కనబడును.

గట్టు పొడవు 10 అడుగులు, పలకల ఎత్తు 3 అడుగులు అనుకొందము. వైశాల్యము 30 చదరపు అడుగులు. 12 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల పొడవు గల పలకలు 20 పట్టును. కోతకు, విరుగుడుకు మరి రెండు కొనవలెను. కట్టెల మంట నేరుగా తగులు చోట పలకలు పగులును గనుక పొయ్యిని గోడకు ఎడముగా నుంచవలెను.

పలకకంటె దాని వెనుకనున్న గోడ ముఖ్యము. మట్టిగోడపైనను, వెల్లపైనను పలక నిలువదు. గోడకు చెమ్మ యెక్కడనుండి వచ్చుచున్నదో కనుగొని ముందుగా దానిని మాన్పవలెను. పాత సున్నమును గీకి, సిమెంటు పూత పూయించి, గరుకుగా విడిచి, తడుపుచు గట్టిపడనీయవలెను. పలకలను నీటిలో నానబెట్టి, ఆరవేసి, రసమట్టము చూచుకొనుచు అడుగు వరుసనుండి తాపవలెను. మాలు పలక వెనుక అంతటను నిండవలెను. మరునాడు సందులను, ముఖ్యముగా గోడయు గట్టును కలియు చోటును, తెల్ల సిమెంటుతో పూడ్పించి, వారము దినములు తడుపవలెను.

పలకలు తాపిన పిదప లోపలి పని కంటికి కనబడదు. అందుచే సభ్యులు పూత దశలోనే ఒకసారి వచ్చి చూడవలెనని మా సూచన. పని ముగిసిన తరువాత ప్రతి పలకను నాణెముతో తట్టి చూడవలెను. బోలుగా మ్రోగినచో లోపల మాలు నిండలేదని గ్రహించి, దానిని తీయించి తిరిగి తాపించిన పిమ్మటనే బిల్లు మంజూరు చేయవలెను.

ఇక మిగిలినది దినచర్య. వంట ముగిసి గోడ చల్లారిన వెంటనే సబ్బునీటి గుడ్డతో తుడిచిన చాలును. ఆమ్లము వాడరాదు, అది సందులలోని సిమెంటును తినివేయును. ఈ కొద్దిపాటి శ్రద్ధ వహించినచో, పంచాయతీ వెచ్చించిన సొమ్ము అనేక సంవత్సరములు పిల్లల కంచములను కాపాడును.