మొక్కల జన్యురాశిలో పునరావృత డీఎన్ఏ క్రమాలు

1. పరిచయం

వరి జన్యురాశిలో సుమారు 39 కోట్ల క్షార జతలు ఉంటాయి. మొక్కజొన్నలో ఇవి సుమారు 230 కోట్లు, అంటే దాదాపు ఆరు రెట్లు. కాని ప్రోటీన్లను సంకేతించే జన్యువుల సంఖ్య రెండింటిలోనూ 30 వేల నుంచి 40 వేల లోపే. అయితే మిగిలిన డీఎన్ఏ ఏమిటి? ఒకే క్రమం వందల, వేల సార్లు మళ్లీ మళ్లీ కనిపించే భాగమే అందులో ఎక్కువ. దీనినే పునరావృత డీఎన్ఏ అంటారు. ఒకప్పుడు దీన్ని 'చెత్త డీఎన్ఏ' అని కొట్టిపారేశారు. ఆ మాట ఎంతవరకు సరైనదో ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. పునరావృతాలలో రకాలు

(అ) వరుస పునరావృతాలు: వీటిలో ఒకే క్రమం ఒకదాని పక్కన ఒకటిగా ఉంటుంది. వరి సెంట్రోమియర్లలో 155 క్షార జతల క్రమం ఇలా బారులు తీరి ఉంటుంది. చాలా మొక్కల క్రోమోజోమ్ కొనలలో ఏడు క్షారాల క్రమం పదేపదే వచ్చి, కొనలు అరిగిపోకుండా కాపాడుతుంది. ఒకటి నుంచి ఆరు క్షారాల చిన్న క్రమాలు వరుసగా వస్తే వాటిని మైక్రోశాటిలైట్లు అంటారు.

(ఆ) చెదురు పునరావృతాలు: ఇవి జన్యురాశి అంతటా వెదజల్లినట్లు ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం చలన మూలకాలు, అంటే ట్రాన్స్‌పోజాన్లు. బార్బరా మెక్లింటాక్ 1940లలో మొక్కజొన్న గింజల రంగుమచ్చలను పరిశీలిస్తూ వీటిని కనుగొన్నారు. ఆ కృషికి 1983లో నోబెల్ బహుమతి లభించింది. రెట్రోట్రాన్స్‌పోజాన్లు ఆర్ఎన్ఏ ద్వారా తమ నకళ్లను తయారుచేసుకుని కొత్త చోట్ల చేరతాయి. పాత నకలు ఉన్నచోటే ఉంటుంది కాబట్టి జన్యురాశి పెరుగుతూ పోతుంది. మొక్కజొన్న జన్యురాశిలో సుమారు 85 శాతం చలన మూలకాలే.

3. చలన మూలకాల ప్రభావం

ఈ మూలకాలు అదుపు లేకుండా కదిలితే జన్యువులు దెబ్బతింటాయి. అందువల్ల మొక్క వాటిలోని సైటోసిన్లకు మిథైల్ సమూహాలను చేర్చి, వాటిని నిద్రాణంగా ఉంచుతుంది. అయినా అప్పుడప్పుడు ఒకటి కొత్త చోట చేరుతుంది. దాని ఫలితాన్ని రెండు ఉదాహరణలలో చూద్దాం.

మెండల్ బఠానీలలో ముడతల గింజలను మీరు ఇదివరకే చదివారు. పిండిపదార్థపు అణువులలో శాఖలను ఏర్పరచే ఎంజైమ్ జన్యువులోకి సుమారు 800 క్షార జతల చలన మూలకం చొరబడటమే ఆ ముడతలకు కారణం. ఎంజైమ్ పనిచేయక గింజలో చక్కెర మిగిలిపోతుంది, దానితో నీరు ఎక్కువగా చేరుతుంది. గింజ ఎండినప్పుడు ముడతలు పడుతుంది.

మొక్కజొన్న పూర్వీకమైన టియోసింటి గుబురుగా, అనేక కొమ్మలతో పెరుగుతుంది. కొమ్మలను అణచే ఒక జన్యువుకు సుమారు 60 వేల క్షార జతల దూరంలో రెట్రోట్రాన్స్‌పోజాన్ ఒకటి చేరి, ఆ జన్యువు పనిని పెంచింది. ఈ మార్పు ఉన్న మొక్కలను ప్రాచీన మెక్సికో రైతులు ఎంచుకుంటూ వచ్చారు. నేటి ఒంటి కాండపు మొక్కజొన్నకు ఇది ఒక ముఖ్య కారణం.

4. పంటల అభివృద్ధిలో ఉపయోగం

మైక్రోశాటిలైట్లలో పునరావృతాల సంఖ్య రకానికీ రకానికీ మారుతుంది. పీసీఆర్ ద్వారా ఆ భాగాన్ని పెంపుచేసి పొడవు చూస్తే, అది ఏ తల్లిదండ్రుల నుంచి వచ్చిందో తెలుస్తుంది.

బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి (బీపీటీ 5204) సన్నబియ్యానికి పేరుపొందింది. కాని బాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగిపోతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి మూడు నిరోధక జన్యువులను దీనిలో చేర్చాయి. సంకరణం చేస్తే దాత రకపు అవాంఛిత లక్షణాలూ వెంట వస్తాయి. కాబట్టి ప్రతి పశ్చ సంకరణ తరంలోనూ మైక్రోశాటిలైట్లతో పరీక్షించి, సాంబ మసూరి జన్యురాశి ఎక్కువగా ఉన్న మొక్కలనే ముందుకు తీసుకెళ్లారు. ఫలితంగా బియ్యం నాణ్యత నిలిచింది, తెగులు నిరోధకత చేరింది.

5. సారాంశం

పునరావృత డీఎన్ఏ అంతా చెత్త కాదు, అలాగని అంతా ఉపయోగకరమూ కాదు. కొన్ని క్రమాలు క్రోమోజోముకు ఆధారం. అధిక భాగం కేవలం నకళ్లుగా పోగుపడినదే. ఆ నకళ్లలో కొన్ని యాదృచ్ఛికంగా జన్యువుల పనిని మార్చగా, ప్రకృతి, రైతు వాటిని ఎంచుకున్నారు. కాబట్టి ఏ క్రమానికైనా 'పాత్ర' ఉందని చెప్పేముందు దానికి ఆధారం చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వరి, మొక్కజొన్న జన్యురాశుల పరిమాణంలో తేడాకు ప్రధాన కారణమేమిటి?
2. బఠానీ గింజ ముడతలు పడటాన్ని అణుస్థాయిలో వివరించండి.
3. నిరోధక జన్యువులు చేరాయని తేలిన తరువాత కూడా సాంబ మసూరి మొక్కలను మైక్రోశాటిలైట్లతో ఎందుకు పరీక్షించారు?