తుక్కుకు పోవాల్సిన కారు.. హాట్ రాడ్ ఎలా అయింది?

1932లో ఫోర్డ్ కంపెనీ వీ8 రోడ్‌స్టర్ అనే చిన్న కారు తెచ్చింది. కొత్తగా కొంటే ధర 460 డాలర్లు. పదేళ్లు తిరిగేసరికి అది పాత బండి. ఇరవై ఏళ్లకు తుక్కు దుకాణంలో బరువు లెక్కన పోయే సరుకు. మామూలుగా అయితే కథ అక్కడితో సరి. కానీ ఈరోజు అమెరికాలో హాట్ రాడ్‌ల ప్రదర్శన ఎక్కడ జరిగినా జనం ముందుగా మూగేది ఆ 1932 ఫోర్డ్ చుట్టూనే. అభిమానులు దాన్ని ముద్దుగా 'డ్యూస్' అంటారు.

హాట్ రాడ్ అనే మాట కొత్తగా వింటున్నారా? సింపుల్‌గా చెప్పాలంటే, ఓ పాత కారు తీసుకుని, అక్కర్లేని బరువు పీకేసి, ఇంజిన్ బలం పెంచి, వేగం కోసం సొంతంగా తయారు చేసుకున్న బండి. మరి ఇనుము తుప్పు పడుతుంది, రబ్బరు పగులుతుంది, వైర్ల తొడుగు రాలిపోతుంది కదా, తొంభై ఏళ్ల కారు ఎలా బతికింది? 'ఎవరో జాగ్రత్తగా దాచుకుని ఉంటారు' అనుకుంటే పొరపాటే. చాలా బండ్లను ఎవరూ దాచలేదు, ఏ కొట్టంలోనో వదిలేశారు. అవి బతికింది మూడు కారణాల వల్ల: దొరికే పార్టులు, విప్పడానికి వీలైన నిర్మాణం, విప్పడం తెలిసిన మనుషులు. మెకానికల్, ఆటోమొబైల్ చదివేవాళ్లకే కాదు, ఏ వస్తువును డిజైన్ చేయాలనుకునేవాళ్లకైనా ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఎన్ని తయారైతే అంత ఆయుష్షు

ఫోర్డ్ మోడల్ టీ 1908 నుంచి 1927 వరకు తయారైంది. మొత్తం కోటిన్నరకు పైగా కార్లు. తర్వాత వచ్చిన మోడల్ ఏ దాదాపు 48 లక్షలు. ఆ వెనకాలే 1932లో వీ8 వచ్చింది. అప్పటిదాకా ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ అంటే డబ్బున్నవాళ్ల కార్లకే. ఫోర్డ్ ఇంజినీర్లు మొత్తం బ్లాక్‌ను ఒకే పోతలో తీసే పద్ధతిని భారీ ఉత్పత్తికి తేవడంతో ఖర్చు దిగొచ్చింది. 221 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్ల ఇంజిన్. 65 హార్స్‌పవర్. ఇప్పుడు చిన్న కారుక్కూడా అంత ఉంటుంది కానీ, ఆ ధరకు ఆ రోజుల్లో అది పెద్ద సంగతే.

ఇంతకీ సంఖ్యకూ ఆయుష్షుకూ ఏంటి సంబంధం? కొన్ని వందలే తయారైన ఖరీదైన కారులో ఒక గేరు విరిగితే, అలాంటి ఇంకో గేరు దొరికేదాకా బండి కదలదు. మోడల్ ఏలో విరిగితే? పక్క వీధిలో ఆగిపోయిన ఇంకో మోడల్ ఏ ఉంటుంది. చచ్చిన బండి బతికున్న బండికి అవయవదానం చేస్తుందన్నమాట. కోట్ల కార్లలో ఎక్కువ శాతం కరిగిపోయినా, మిగిలిన కొద్ది శాతమే పెద్ద సంఖ్య అవుతుంది.

చెక్క ఓడింది, ఉక్కు నిలిచింది

ఇదే కాలపు షెవర్లే కార్లూ లక్షల్లో అమ్ముడయ్యాయి. మరి పాత హాట్ రాడ్‌లలో ఫోర్డ్‌లే ఎందుకెక్కువ? ఒక ముఖ్య కారణం బాడీ లోపల ఉంది. 1930ల మధ్య వరకు జనరల్ మోటార్స్ కార్ల బాడీకి లోపల చెక్క చట్రం ఉండేది. దాని మీద ఉక్కు రేకు కొట్టేవాళ్లు. నీళ్లు లోపలికి దిగితే చెక్క కుళ్లిపోతుంది. చెక్క పోతే తలుపు వేలాడుతుంది, రేకును పట్టుకునేదే ఉండదు. దాన్ని బాగుచేయాలంటే మెకానిక్‌తో పాటు వడ్రంగి కూడా కావాలి. ఫోర్డ్ బాడీల్లో చెక్క చాలా తక్కువ, ఎక్కువ భాగం ఉక్కే. తుప్పు పట్టినచోట కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేస్తే చాలు. మన ఊళ్లో టింకరింగ్ మేస్త్రీ చేసే పనే.

వాతావరణం సంగతి కూడా చూడాలి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు బండి అడుగును తినేస్తుంది. కాలిఫోర్నియా, ఆరిజోనా లాంటి పొడి ప్రాంతాల్లో రంగు ఎండకు వెలిసిపోతుంది, సీట్లు చిరిగిపోతాయి, కానీ ఉక్కు మిగులుతుంది. హాట్ రాడ్‌కు కావాల్సింది ఉక్కే!

ఒకదానిది ఇంకోదానికి

సాఫ్ట్‌వేర్‌వాళ్లం బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటాం చూడండి, దానికి ఇనుములో మంచి ఉదాహరణ ఫోర్డ్. 1939లో ఫోర్డ్ కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. అంతకుముందువి కడ్డీలతో లాగే మెకానికల్ బ్రేకులు. వేగంగా వెళ్లే బండికి అవి చాలవు. కుర్రాళ్లు కొత్త ఫోర్డ్ బ్రేకులను విప్పి, కొద్దిపాటి మార్పులతో 1932 బండికి బిగించేశారు. 1939 గేరుబాక్సూ అలాగే పాత బండ్లకు చేరింది. 1929 మోడల్ ఏ బాడీని తెచ్చి, గట్టిదైన 1932 ఛాసిస్ మీద, వీ8 ఇంజిన్‌తో కూర్చోబెట్టడమైతే ఓ సంప్రదాయమే అయిపోయింది.

1955లో షెవర్లే తేలికైన కొత్త వీ8 ఇంజిన్ తెచ్చింది. ఎక్కువ శక్తి, తక్కువ బరువు. పాత ఫోర్డ్ ఇంజిన్ బ్లాకులు పగిలిపోతున్న సమయంలో ఈ ఇంజిన్ వాటి స్థానంలోకి వచ్చింది. ఇంజిన్ పోయినా బాడీ బతికింది. ఒరిజినల్‌గానే ఉంచాలని పట్టుబట్టి ఉంటే చాలా బండ్లు అప్పుడే తుక్కయ్యేవి.

యుద్ధం తీసుకెళ్లింది, యుద్ధమే మిగిల్చింది

హాట్ రాడ్‌లు పుట్టింది దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిపోయిన చెరువుల్లో. మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి చోట్ల నేల బల్లపరుపుగా, గట్టిగా మైళ్ల కొద్దీ ఉంటుంది. మడ్‌గార్డ్‌లు పీకేసిన పాత ఫోర్డ్‌లతో కుర్రాళ్లు అక్కడికి చేరి గడియారం పెట్టి వేగం కొలుచుకునేవాళ్లు. 1937లో క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. ఆయుధాల తయారీకి ఇనుము కావాలని ఊరూరా తుక్కు సేకరించారు. ఎన్నో పాత కార్లు ఆ కొలిమిలోకి వెళ్లాయి. మరోవైపు 1942 ఫిబ్రవరిలో పౌరుల కోసం కార్ల తయారీ ఆగిపోయింది. యుద్ధం ముగిసేదాకా కొత్త కారు లేదు. దాంతో ఉన్న బండినే బాగుచేసుకుని నడపాల్సి వచ్చింది. పాత కారు మళ్లీ పనికొచ్చే వస్తువైంది. యుద్ధం నుంచి వచ్చిన యువకుల్లో చాలామందికి ఇంజిన్లు విప్పడం, వెల్డింగ్, లేత్ పని చేతికొచ్చాయి. ఎదురుగా చవగ్గా దొరికే పాత ఫోర్డ్‌లు. ఇంకేం కావాలి?

1948 జనవరిలో 'హాట్ రాడ్' పత్రిక మొదలైంది. 1949లో బోనవిల్ ఉప్పు మైదానాల్లో మొదటి స్పీడ్ వీక్ జరిగింది. సొంత బండి కోసం ఇన్‌టేక్ మానిఫోల్డ్ చేసుకున్న విక్ ఎడెల్‌బ్రాక్, కామ్‌షాఫ్ట్‌లు చెక్కిన ఎడ్ ఇస్కెండేరియన్ లాంటివాళ్ల పనులు కంపెనీలయ్యాయి. ఇప్పటి భాషలో చెప్పాలంటే అవి గ్యారేజీ స్టార్టప్‌లు.

బాబ్ మెక్‌గీ తయారు చేసిన 1932 రోడ్‌స్టర్ 1948 అక్టోబర్‌లో ఆ పత్రిక ముఖచిత్రమైంది. తర్వాత అది చేతులు మారింది, రూపం మారింది, సినిమాల్లో కనిపించింది, బోనవిల్‌లో పరుగెత్తింది. చివరికి మరో యజమాని దాన్ని మళ్లీ 1948 నాటి రూపానికి తెచ్చారు.  ప్రతి తరంలో ఎవరో ఒకరికి దానితో పని ఉంది, అందుకే మిగిలింది.

కొట్టంలో కారు దొరికితే..

దశాబ్దాలుగా కదలని కారు దొరికినప్పుడు తెలిసినవాళ్లు రంగు చూడరు. ముందు అడుగుభాగం, తలుపుల కింది అంచులు చూస్తారు. తుప్పు మొదలయ్యేది నీరు నిలిచే చోటే. మట్టి నేల మీద నిలిపిన బండికి పైన కప్పున్నా కింద నుంచి తేమ ఎక్కుతుంది. తర్వాత ఇంజిన్. పిస్టన్ రింగులు సిలిండర్‌కు తుప్పుతో అతుక్కుపోయి ఉంటే వెంటనే తిప్పరు. నూనె పోసి రోజుల తరబడి నాననిస్తారు. తొందరపడి తిప్పితే రింగులు విరుగుతాయి.

బ్లాక్‌లో పగుళ్లు ఉన్నాయేమో చూడటానికి మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేస్తారు. ఇనుమును అయస్కాంతీకరించి సన్నటి ఇనుప పొడి చల్లితే, కంటికి కనపడని పగులు దగ్గర పొడి గీతలా పోగవుతుంది. విమానాలు, రైల్వే విడిభాగాలకూ ఈ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ విధానాన్నే వాడతారు. ఇది నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యం.

కాగితం కూడా బతకాలి

ఇనుము మిగిలితే సరిపోదు, చట్టం ఒప్పుకోవాలి. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడల్ పెట్రోల్ కార్లకు పొగ తనిఖీ నుంచి మినహాయింపు ఉంది. సొంతంగా కట్టుకున్న బండ్లకు ఏటా 500 వరకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చే పద్ధతీ ఉంది. ఇలాంటి దారులు లేకపోతే హాట్ రాడ్‌లు రోడ్డెక్కేవి కావు.

మరి మన దగ్గర? 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000. బండికి 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే కాపాడుకోవచ్చు కానీ హాట్ రాడ్ చేయడానికి లేదు. పైగా మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు చేయడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి యూట్యూబ్ వీడియో చూసి తాతగారి అంబాసిడర్ మీద గ్రైండర్ పెట్టేముందు ఆర్టీవో నిబంధనలు చదవండి.

కోయాలా.. వద్దా?

అమెరికాలోనూ ఇప్పుడు ఈ చర్చ గట్టిగానే నడుస్తోంది. 1948లో పాత ఫోర్డ్ పైకప్పు కోసి ఎత్తు తగ్గిస్తే ఎవరూ పట్టించుకోలేదు, అలాంటివి వేలల్లో ఉన్నాయి. ఈరోజు చెక్కుచెదరని ఒరిజినల్ బాడీ దొరికితే దాన్ని కోయడం న్యాయమేనా? ఒకసారి కోస్తే కంట్రోల్ జెడ్ లేదు. ఈ ఒత్తిడికి ఒక పరిష్కారం కొత్త బాడీలే. ఒహాయోలోని బ్రూక్‌విల్ సంస్థ మోడల్ ఏ, 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ బాడీలను ఉక్కుతో కొత్తగా తయారు చేస్తోంది. కోయాలనిపిస్తే కొత్తదాన్ని కోసుకోవచ్చు, పాతది పాతదిగానే ఉంటుంది.

రేకు కొత్తగా దొరుకుతుంది సరే, దాన్ని మలిచే చేతులు? అసలు భయం అక్కడే ఉంది. కాన్సస్‌లోని మెక్‌ఫర్సన్ కాలేజీ ఆటోమోటివ్ రెస్టొరేషన్‌లో నాలుగేళ్ల డిగ్రీ నడుపుతోంది. రేకు వంచడం, ఇంజిన్ పునర్నిర్మాణం, సీట్లు కుట్టడం, వాహన చరిత్ర అన్నీ అందులో భాగమే. డిగ్రీ కోసమే అక్కడిదాకా వెళ్లమని కాదు. దొరకని పార్టును త్రీడీ స్కాన్ చేసి, క్యాడ్‌లో గీసి, సీఎన్‌సీ మీద తీయడం మన పాలిటెక్నిక్‌లలో, ఐటీఐలలో మొదలుపెట్టగలిగే పనే. దాన్నే రివర్స్ ఇంజినీరింగ్ అంటారు.

ఇప్పటి కార్ల సంగతేంటి?

1932 ఫోర్డ్‌లో లోపం కనిపెట్టడానికి పానా, చెవి, కొంచెం ఓపిక చాలు. ఇప్పటి కార్లలో డజన్ల కొద్దీ కంట్రోల్ యూనిట్లు, లక్షల లైన్ల కోడ్. పార్టు దొరికినా సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించకపోతే బండి కదలదు. అందుకే రిపేర్ హక్కు కోసం పోరాటాలు. మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల రిపేర్ సమాచారం బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలని చట్టం చేసింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఈ హక్కు మీద కమిటీ వేసింది.

రేపు మీరు ఏ కంపెనీలో చేరినా, ఏ వస్తువు డిజైన్ చేసినా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

- దీన్ని మామూలు పనిముట్లతో విప్పొచ్చా?
- పాత మోడల్ పార్టు కొత్తదానికి, కొత్తది పాతదానికి సరిపోతుందా?
- త్వరగా పాడయ్యే భాగాన్ని ఒక్కదాన్నే మార్చొచ్చా?
- మన కంపెనీ మూతపడినా డ్రాయింగులు, కోడ్ ఎవరికైనా దొరుకుతాయా?

నాలుగింటికీ 'అవును' అని జవాబు వస్తే, మీరు చేసిన వస్తువును ఇంకో యాభై ఏళ్లకు ఎవరో కుర్రాడు మూలన పడున్నచోటు నుంచి బయటికి లాగి, దులిపి, స్టార్ట్ చేస్తాడు. తనకు నచ్చినట్టు మార్చుకుంటాడు కూడా. మార్చనివ్వండి.