గోండి మాట యంత్రానికి అందాలంటే

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరుంది. అక్కడి గోండులు తరతరాలుగా దాచుకున్న రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. వాటిలోని గోండి లిపిని చదవగలిగిన పెద్దలు అప్పటికే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 2018 జూన్‌లో ఆ లిపి యూనికోడ్ 11వ వెర్షన్‌లో చేరింది. అంతకు ముందు ఏడాదే, మున్షీ మంగళ్ సింగ్ మసరాం 1918లో రూపొందించిన మరో గోండి లిపికి కూడా చోటు దక్కింది.

ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించే ఉమ్మడి పట్టికే యూనికోడ్. సంఖ్య లేని అక్షరం కంప్యూటర్‌కు ఉత్త బొమ్మ. దాన్ని వెతకలేం, సందేశంగా పంపలేం, అకారాది క్రమంలో పేర్చలేం. అయితే సంఖ్య దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. ఫాంటు కావాలి, కీబోర్డు కావాలి, గుణింతాలనూ ఒత్తులనూ సరిగా కూర్చే సాఫ్ట్‌వేర్ కావాలి. ఒకప్పుడు తెరమీద తెలుగుకు బదులు డబ్బాలు చూసినవారికి ఈ బాధ తెలుసు. గూగుల్ నోటో ఫాంట్లలో గుంజాల గోండి ఉచితంగానే దొరుకుతోంది. కానీ పంపేవారి ఫోన్‌లోనూ అందుకునేవారి ఫోన్‌లోనూ అది ఉంటే తప్ప ఆ లిపిలోని సందేశం తెరమీద సరిగా కనిపించదు.

గోండి తెలుగుకు దగ్గరి చుట్టం. భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖవే. 2011 జనాభా లెక్కల్లో గోండిని మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 29.8 లక్షలు. ఇంతమంది మాట్లాడే భాషకు ప్రమాదమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ గోండుల జనాభా కోటికి పైమాటే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ఆ ప్రమాదం. రాష్ట్రాల సరిహద్దులు గోండులను విడదీశాయి. బడిలో ఒకచోట తెలుగు, ఒకచోట మరాఠీ, మరోచోట హిందీ. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో గోండికి స్థానం లేదు. ఆదిలాబాద్ గోండి బస్తర్‌వారికి సులువుగా అర్థం కాదు. అందుకే 2014 నుంచి కొన్నేళ్లపాటు పలు రాష్ట్రాల గోండులు కలిసి కూర్చుని ఉమ్మడి నిఘంటువును కూర్చుకున్నారు.

రాత అలవాటు తక్కువైన సమాజంలో భాషకు బలం గొంతే. ఈ సంగతిని ముందుగా గ్రహించినది సీజీనెట్ స్వర. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి 2010లో మొదలుపెట్టిన ఈ సేవకు ఇంటర్నెట్ అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే యంత్రం తిరిగి ఫోన్ చేస్తుంది. ఒకటి నొక్కితే మన మాట రికార్డవుతుంది, రెండు నొక్కితే ఇతరుల మాట వినిపిస్తుంది. రేషన్ అందలేదనో, బోరింగు చెడిపోయిందనో మనుషులు తమ భాషలో చెప్పుకున్నారు. గోండి సాంకేతికతకు ఇంతకంటే గట్టి పునాది లేదని నా నమ్మకం. భాష కోసం భాషను కాపాడమంటే ఎవరూ ముందుకు రారు. పని జరుగుతుందంటే మాట్లాడతారు.

మాటను గుర్తుపట్టే యంత్రానికి శిక్షణ ఇవ్వాలంటే, మాటలూ వాటి రాతరూపమూ జతగా కావాలి. పెద్ద భాషలకు అవి వేల గంటల మేర ఉన్నాయి. ఇటీవలి నమూనాలు అనేక భాషల ధ్వనులను ముందుగా విని నేర్చుకుంటాయి కనుక, కొత్త భాషకు చాలా తక్కువ గంటలతోనే పని మొదలవుతుంది. మెటా సంస్థ 2023లో 1,100కు పైగా భాషలకు అలాంటి నమూనా విడుదల చేసింది. దాని శిక్షణకు ప్రధానంగా వాడినవి బైబిల్ కొత్త నిబంధన పఠనాలు. గ్రంథపఠనం విని పెరిగిన యంత్రానికి అంగడి బేరం, అమ్మ మందలింపు, వైద్యుడికి చెప్పుకునే నొప్పి ఎలా తెలుస్తాయి?

న్యూజీలాండ్‌లోని మావోరీలు మరో దారి చూపారు. ఉత్తరాన కైతాయాలో తే హికు మీడియా అనే గిరిజన రేడియో సంస్థ ఉంది. 2018లో అది ఇచ్చిన పిలుపునకు స్పందించి, దాదాపు 2,500 మంది పది రోజుల్లో 300 గంటలకు పైగా మావోరీ వాక్యాలు చదివి ఇచ్చారు. ఆ ధ్వనులతోనే మావోరీ మాటను గుర్తుపట్టే యంత్రాన్ని తయారుచేశారు. ఆ ధ్వనిభాండారాన్ని బయటి కంపెనీలకు అప్పగించలేదు. ఇది జాతి సొత్తు, మేము సంరక్షకులం మాత్రమే అన్న అర్థం వచ్చే లైసెన్సు కింద ఉంచారు. ఒకప్పుడు భూమి పోగొట్టుకున్న జాతికి మాట విలువ బాగా తెలుసు.

మన దేశంలో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025 సెప్టెంబరులో ఆదివాణి అనే అనువాద సాధనాన్ని తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీలతో పాటు గోండి కూడా అందులో ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దీని నిర్మాణంలో భాగస్వామి. మంచి ప్రయత్నమే. అయితే అనువాదం ప్రభుత్వ ప్రసంగాన్ని గోండిలోకి దింపడంతో ఆగిపోతే ప్రయోజనం సగమే. గోండిలో పుట్టిన మాట కార్యాలయానికి చేరడమే అసలు పరీక్ష.

ఆదిలాబాద్ ఆకాశవాణి ఏళ్ల తరబడి గోండి కార్యక్రమాలు ప్రసారం చేసింది. మన విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వమూ ఆ ధ్వనిముద్రణల్లో మిగిలినవాటిని, ఊళ్లలోని పెద్దల గొంతులతో సహా, వెంటనే డిజిటల్ రూపంలో భద్రపరచాలి. వాటిని రాతలో పెట్టే పని గోండు యువతకు జీతమిచ్చి అప్పగించాలి. ఆ భాండారాన్ని ఎవరు, దేనికి వాడుకోవచ్చో నిర్ణయించే అధికారం గోండుల సంప్రదాయ పెద్దల సభలైన రాయి సెంటర్లకూ గ్రామసభలకూ ఉండాలి.