ఫ్యాన్స్ గ్రూప్‌లో క్యూఆర్ కోడ్ వచ్చిందా? అమౌంట్ కొట్టే ముందు స్క్రీన్ మీద పేరు చదవండి

మా తాడేపల్లిగూడెంలో హీరో పుట్టినరోజు అంటే ఫ్లెక్సీలు మామూలే. ఇప్పుడు వాటితో పాటు వాట్సాప్ గ్రూప్‌లో క్యూఆర్ కోడ్ కూడా దిగుతోంది. అన్నదానానికి, ఆసుపత్రిలో ఉన్న తోటి ఫ్యాన్‌కి, వరద బాధితులకి తలా వందో రెండొందలో. మంచి పనే, నేనూ పంపుతాను. కాకపోతే ఆ డబ్బు ఎవరి అకౌంట్‌లో పడుతోంది, ఎక్కడ ఇరుక్కోవచ్చు అన్నది చాలామంది పట్టించుకోరు.

నిజానికి తెలుగు ఫ్యాన్స్‌కి దానం కొత్తేమీ కాదు. మన జిల్లా మొగల్తూరుకి చెందిన చిరంజీవి 1998 అక్టోబర్ 2న ట్రస్ట్ పెట్టి బ్లడ్ బ్యాంక్, ఐ బ్యాంక్ మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఆగస్టు 22 వస్తే ఊరూరా అభిమానుల రక్తదాన శిబిరాలే. రక్తంతో ఒక సుఖం ఉంది. ఇచ్చేవాడు స్వయంగా వెళ్లి పడుకోవాలి, బ్యాగ్‌కి నంబర్ పడుతుంది, రికార్డులో ఎక్కుతుంది. మధ్యలో అడ్మిన్ చేతికి ఏదీ రాదు.

డబ్బు అలా కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది (ఆ నీళ్లు చివరికి చేరేది మన కొల్లేటికే). అప్పుడు మహేష్ బాబు, ఎన్టీఆర్ రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రుల సహాయ నిధులకి 50 లక్షల చొప్పున ప్రకటించారు. అది నేరుగా ప్రభుత్వ నిధి. మన వంద రూపాయలు మాత్రం ఎవరో ఒక అన్న పర్సనల్ నంబర్‌కి వెళ్తాయి. మా గ్రూప్‌లో ఆ అన్న చాలా మంచోడు, పాల ప్యాకెట్ల బిల్లులతో సహా పెట్టాడు. కానీ చందా అంతా జీతం పడే అకౌంట్‌లోనే పడటంతో, ఏది ఎవరిదో విడదీయడానికి రాత్రంతా కూర్చున్నాడు పాపం.

ఇక్కడ ఫోన్ మనకి చేసే సాయం ఒకటుంది. ఎన్‌పీసీఐ రూల్ ప్రకారం 2025 జూన్ 30 కల్లా యూపీఐ యాప్‌లన్నీ, డబ్బు తీసుకునేవాళ్ల పేరుని బ్యాంకు రికార్డులో ఉన్నట్టే చూపించాలి. అంటే పోస్టర్ మీద ‘ఫలానా హీరో సేవాసమితి’ అని ఎంత పెద్దగా రాసినా, స్కాన్ చేశాక వచ్చే పేరే అసలు పేరు. గ్రూప్‌లో చెప్పిన మనిషి పేరు, ఈ పేరు ఒకటి కాకపోతే అక్కడే ఆగి అడగండి. పోస్టర్ మీద క్యూఆర్ మార్చేయడం ఫొటో ఎడిటింగ్ వచ్చినవాడికి రెండు నిమిషాల పని.

స్క్రీన్‌షాట్‌ని కూడా నమ్మకండి. ‘పేమెంట్ సక్సెస్’ అని చూపించే ఫేక్ యాప్‌లు బోలెడు. అడ్మిన్ తన బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో 12 అంకెల యూటీఆర్ నంబర్‌తో సరిచూసుకోవాలి. ఇంకో సంగతి, చాలామంది యూపీఐ ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది. వేలమంది ఉన్న గ్రూప్‌లో మీ స్క్రీన్‌షాట్ పెడితే నంబర్ అందరికీ ఇచ్చినట్టే. అమ్మాయిలూ, ముఖ్యంగా మీరు అది చెరిపేసి పెట్టండి.

అడ్మిన్‌లకి అసలు రిస్క్ వేరే ఉంది. క్యూఆర్ ఎక్స్‌లో పబ్లిక్‌గా పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లూ పంపుతారు. అందులో ఒక్కటి ఎక్కడో కొట్టేసిన డబ్బు అయితే, సైబర్ క్రైమ్ కంప్లైంట్ మీద బ్యాంకు ఆ మొత్తాన్ని హోల్డ్‌లో పెట్టొచ్చు, ఒక్కోసారి అకౌంటే ఫ్రీజ్ కావొచ్చు. అప్పుడు ఆపరేషన్ కోసం పోగేసిన సొమ్ము, అన్న ఇంటి ఈఎంఐ, రెండూ ఒకేచోట ఆగిపోతాయి. అందుకే చందాకి విడిగా ఒక సేవింగ్స్ అకౌంట్ తెరవండి. ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు బయటికొచ్చే జాయింట్ అకౌంట్ అయితే ఇంకా మేలు. దానికి మామూలుగా యూపీఐ ఐడీ రాదు గానీ, అకౌంట్ నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టి యూపీఐ నుంచే అందులోకి పంపొచ్చు. ఆసుపత్రి ఖర్చయితే ఇదంతా అక్కర్లేదు. పేషెంట్ ఐపీ నంబర్ తీసుకుని ఆసుపత్రి అకౌంట్‌కే కట్టమని అందరికీ చెప్తే సరిపోతుంది.

పంపేశాక మోసమని తేలితే? యూపీఐలో వెళ్లిన డబ్బుని మనంతట మనం వెనక్కి లాగలేం. వెంటనే 1930కి ఫోన్ చేయండి, యూటీఆర్ నంబర్ చేతిలో పెట్టుకోండి. గ్రూప్‌లో గొడవ తర్వాత పడొచ్చు, ఈలోపు ఆ డబ్బు ఇంకో అకౌంట్‌కి మారిపోతుంది.